సూరత్ నుండి ప్రపంచాన్ని చదవడం
అంతర్జాతీయ సంబంధాల డిగ్రీ: మన పిల్లలకు తగిన చదువేనా?

ప్రతి సంవత్సరం వేసవి వచ్చేసరికి మన టౌన్‌షిప్‌లలో, ఉద్యోగుల ఇళ్ళలో ఒకే చర్చ నడుస్తుంది. పన్నెండవ తరగతి పూర్తిచేసిన అబ్బాయినో అమ్మాయినో ఏ చదువులో చేర్పించాలి? గణితం తీసుకున్నవారికి ఇంజినీరింగు, జీవశాస్త్రం తీసుకున్నవారికి వైద్యం, తక్కినవారికి కామర్సు అని మన తరం వారు మూడు గదులు గీసిపెట్టుకున్నాం. ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడని కోరికను పిల్లలు బయటపెడితే ఇంటిల్లిపాదీ కలవరపడడం సహజం. "నేను అంతర్జాతీయ సంబంధాలు చదువుతాను" అన్నమాట ఇటీవలి కాలంలో అటువంటి కలవరానికి కారణమవుతున్నది.

తల్లిదండ్రుల సందేహాలు నిరాధారమైనవి కావు. ఆ చదువులో ఏం చెబుతారు? ఎక్కడ చెబుతారు? చదివినవారు ఏమవుతారు? మూడేళ్ళ కాలమూ, కూడబెట్టిన సొమ్మూ వెచ్చించిన తరువాత చేతికి వచ్చేదేమిటి? ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆకర్షణలను మాత్రమే చెప్పి ఇబ్బందులను దాచడం మా అభిమతం కాదు.

రాయబారం నుండి విశ్వవిద్యాలయం దాకా

రాజ్యాల మధ్య వ్యవహారం మనకు కొత్త విషయం కాదు. శ్రీకృష్ణ రాయబారం చూడని తెలుగు పల్లె లేదనడంలో అతిశయోక్తి లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పుణ్యమా అని సంధికీ సమరానికీ మధ్య ఎంతటి సన్నని దారి ఉంటుందో చదువురాని రైతుకు సైతం తెలుసు. ఇక కౌటిల్యుని అర్థశాస్త్రం సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు గుణాలను వివరించి, పొరుగు రాజుతో ఎప్పుడు ఎలా మెలగాలో చెప్పింది. ఆ గ్రంథం తాళపత్ర ప్రతిని 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో ప్రచురించేదాకా ఆధునిక ప్రపంచానికి దాని పూర్తి పాఠం అందలేదు.

అయితే విశ్వవిద్యాలయంలో బోధించే ప్రత్యేక శాస్త్రంగా ఈ విషయం రూపుదిద్దుకొని సుమారు నూరేళ్ళు మాత్రమే అయినది. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షలాది యువకులు నేలకొరిగిన తరువాత, ఇటువంటి యుద్ధాలు ఎందుకు వస్తాయో, వాటిని ఎలా ఆపవచ్చునో క్రమబద్ధంగా అధ్యయనం చేయాలన్న సంకల్పంతో 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో తొలి ఆచార్యపీఠం ఏర్పడింది. మన దేశంలో 1955లో ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ వెలసింది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. 1956లో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఈ విషయానికి ప్రత్యేక శాఖను నెలకొల్పింది. పంచశీల ఒప్పందం (1954), బాండుంగ్ సమావేశం (1955) జరిగిన రోజులవి. కొత్తగా స్వతంత్రమైన దేశానికి ప్రపంచాన్ని తన కళ్ళతో చూడగలవారు కావలసివచ్చారు.

మన ఊరే ఒక పాఠ్యగ్రంథం

ఈ శాస్త్రం ఢిల్లీ, జెనీవా వంటి నగరాలవారికి సంబంధించినదనీ, తాపీ నది ఒడ్డున ఉన్న మనకు అందులో పని లేదనీ కొందరు భావిస్తారు. ఈ అభిప్రాయం సరికాదు. భారతదేశంలో అంతర్జాతీయ సంబంధాలకు సూరత్ కంటే మంచి పాఠ్యగ్రంథం అరుదు.

హజీరా సమీపంలోని సువాలి సముద్రతీరానికి మన కుటుంబాలు ఆదివారాలలో విహారానికి వెళ్తుంటాయి. 1612 నవంబరులో ఆంగ్లేయ నౌకలు పోర్చుగీసు నౌకలను ఎదుర్కొన్నది ఈ సువాలి దగ్గరే. ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో 1615 సెప్టెంబరులో దిగినదీ ఈ రేవులోనే. జహంగీరు చక్రవర్తితో సమానస్థాయిలో ఒక ఒప్పందం కుదుర్చుకోవాలని ఆయన ఆశ. మూడేళ్ళు ప్రయత్నించినా అది నెరవేరలేదు. చివరకు లభించినది వ్యాపారానికి అనుమతినిచ్చే ఫర్మానా మాత్రమే. ఒప్పందం ఇద్దరు సమానుల మధ్య జరుగుతుంది. ఫర్మానా పైవాడు కిందివానికి దయచేసేది. మొగలాయి దర్బారు దృష్టిలో దూరద్వీపపు రాజు తమకు సమానుడు కాడు. సార్వభౌమాధికారం, రాజ్యాల సమానత్వం అని మొదటి సంవత్సరం విద్యార్థి బరువైన పుస్తకాలలో చదివే భావాలకు ఇంతకంటే సులభమైన ఉదాహరణ ఏముంటుంది?

తెలుగువారమైన మనకు ఇక్కడ మరొక సంబంధం కలదు. సూరత్‌లో ఆంగ్లేయుల వర్తకస్థానం స్థిరపడకముందే, 1611లోనే వారు మన మచిలీపట్నంలో అడుగుపెట్టారు. డచ్చివారు అంతకుముందే అక్కడికి చేరారు. పశ్చిమతీరాన సూరత్, తూర్పుతీరాన బందరు, ఈ రెండింటి నడుమ గోల్కొండ. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ నుండి గోల్కొండకు పోయే మార్గాలను వర్ణించి, కృష్ణాతీరంలోని కొల్లూరు వజ్రపుగనులను గురించి వ్రాశాడు. ఆనాడు వజ్రం తెలుగునేలలో పుట్టేది. ఈనాడు ఆఫ్రికాలోనో సైబీరియాలోనో పుట్టి, సూరత్‌లో సానపట్టుకొని, అమెరికాలోనో దుబాయిలోనో అమ్ముడవుతున్నది.

వజ్రం వెనుక దౌత్యం

ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో, సంఖ్యరీత్యా, పదింట తొమ్మిది సూరత్‌లోనే తయారవుతాయని ఈ రంగంలోనివారి అంచనా. వరాఛా, కతార్‌గాం వీధులలో సానచక్రం ముందు కూర్చున్న కార్మికునికి దౌత్యంతో పనిలేదనిపిస్తుంది. కాని అతని రోజుకూలి ఎన్ని దేశాల నిర్ణయాలపై ఆధారపడి ఉన్నదో చూడండి.

సియెర్రాలియోన్, అంగోలా వంటి దేశాలలో తిరుగుబాటు దళాలు వజ్రాలమ్మి ఆయుధాలు కొంటున్నాయని తేలడంతో, ముడివజ్రాలకు ధ్రువపత్రం ఉండాలనే కింబర్లీ విధానం 2003లో అమలులోకి వచ్చింది. మన దేశం దానిలో వ్యవస్థాపక సభ్యురాలు. 2008లోనూ 2019లోనూ అధ్యక్షస్థానం వహించింది కూడా. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత జి-7 దేశాలు రష్యా వజ్రాల దిగుమతిని 2024 జనవరి 1 నుండి నిషేధించాయి. ఆ సంవత్సరం మార్చి నుండి ఇతర దేశాలలో సానపట్టిన రష్యా వజ్రాలకు సైతం ఆంక్షలు వర్తించాయి. ఆ పిమ్మట 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం భారతీయ వస్తువులపై సుంకాన్ని మొదట 25 శాతానికి, ఆ నెల 27 నుండి 50 శాతానికి పెంచింది. సుంకం విధించినవారు వాషింగ్టన్‌లో ఉన్నారు. దాని బరువు మోసినవారిలో సూరత్ కార్మికులున్నారు. కింబర్లీ పత్రం, జి-7 ఆంక్ష, సుంకపు పట్టిక: ఈ మూడింటినీ చదివి యజమానికి అర్థమయ్యేలా చెప్పగల మనిషి ఈ నగరానికి నిత్యావసరం.

మగ్గాల మాటా అంతే. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం పవర్‌లూమ్‌ల మీద జీవిస్తున్నాయి. వారి పిల్లలకోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదన్న సంగతి మన ఉద్యోగులలో కొందరికి తెలియకపోవచ్చును. పాలియెస్టర్ నూలు ధర ముడిచమురు ధరను బట్టి కదులుతుంది. బట్టల ఎగుమతులకు దేశాలవారీగా 1974లో బహుళ తంతు ఒప్పందంతో వచ్చిన కోటాల విధానం 2004 చివరివరకు కొనసాగి, ఆ తరువాత తొలగిపోయింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుండి అమలయింది. బ్రిటన్‌తో ఒప్పందంపై 2025 జూలైలో సంతకాలయ్యాయి. వీటిలో ఏ ఒక్కటీ మగ్గం నేసేవాని ప్రమేయంతో జరిగినది కాదు. కాని ప్రతి ఒక్కటీ అతని ఇంటిదాకా వస్తుంది.

1994 చెప్పిన పాఠం

సూరత్‌లో దీర్ఘకాలం పనిచేసిన మన ఉద్యోగులు 1994 సెప్టెంబరు నెలను మరువలేరు. ప్లేగు సోకినదన్న వార్తతో లక్షలాది ప్రజలు అందిన రైలు ఎక్కి నగరం విడిచిపోయారు. మృతుల సంఖ్య వందకు లోపే. అయినను ప్రపంచం బెదిరిపోయింది. కొన్ని గల్ఫ్ దేశాలు భారతదేశానికి విమానాలు నిలిపివేశాయి. మన సరుకులను దిగుమతి చేసుకోవడానికి పలు దేశాలు నిరాకరించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి నిషేధాలను సిఫారసు చేయలేదు. అయినా ఏ దేశానికి ఆ దేశం తోచిన రీతిలో తలుపులు మూసుకున్నది.

ఆనాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల పరిధి కలరా, ప్లేగు, పచ్చజ్వరం అనే మూడు వ్యాధులకే పరిమితం. మితిమీరిన ఆంక్షలు విధించిన దేశాన్ని అడిగే నాథుడు లేడు. ఈ లోపాలు బయటపడిన సందర్భాలలో సూరత్ ప్లేగు ప్రధానమైనది. 1995లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆ నిబంధనల సవరణకు పూనుకున్నది. కొత్త నిబంధనలు 2005లో ఆమోదం పొంది, 2007 జూన్‌లో అమలులోకి వచ్చాయి. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ప్రపంచమంతా ప్రస్తావించినవి ఆ నిబంధనలనే.

1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి సూరత్‌ను శుభ్రపరచిన ఎస్.ఆర్. రావుగారు తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ వాణిజ్య కార్యదర్శిగా పనిచేశారు. మురుగుకాల్వల నుండి ప్రపంచ వాణిజ్యం దాకా సాగిన ఆ ఉద్యోగప్రస్థానం మన పిల్లలకు చెప్పదగినది. ఊరి సమస్యకూ ప్రపంచ సమస్యకూ మధ్య గోడ లేదని అది తెలుపుతుంది.

మన పరిశ్రమకు దీనితో సంబంధమేమిటి?

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు ఈ విషయం మరింత దగ్గరది. సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ జిల్లాలోని దహేజ్ టెర్మినల్‌ను పెట్రోనెట్ సంస్థ నిర్వహిస్తున్నది. నాలుగు ప్రభుత్వరంగ చమురు, వాయు సంస్థలు దాని ప్రధాన వాటాదారులు. ఖతార్ నుండి సంవత్సరానికి 75 లక్షల టన్నుల ద్రవీకృత సహజవాయువు తెచ్చుకొనేందుకు 1999లో ఒప్పందం జరిగింది. 2024 ఫిబ్రవరిలో దానిని 2028 నుండి మరి ఇరవై ఏళ్ళకు పొడిగించారు. ఆ నౌకలు హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. అక్కడ ఉద్రిక్తత ఏర్పడితే ఇక్కడ విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారాలు ఆలోచనలో పడతాయి. హజీరాలో యూరియా ఉత్పత్తి చేసే క్రిభ్‌కో, ఇఫ్కోతో కలిసి, ఒమన్ దేశంలోని సూర్ వద్ద ఎరువుల కర్మాగారంలో భాగస్వామి అయినది. ఓఎన్‌జీసీ విదేశ్ రష్యాలోని సఖాలిన్-1లో 20 శాతం వాటా తీసుకొన్నది 2001లో. ఈ ఒప్పందాల వెనుక ఇంజినీర్లతోపాటు ఆయా దేశాల రాజకీయాన్ని, చట్టాన్ని, భాషను ఎరిగినవారు కూడా ఉండవలసిందే.

మూడేళ్ళలో ఏమి చదువుతారు?

వార్తాపత్రిక చదివి వాదించడమే ఈ చదువు అనుకోవడం పొరపాటు. మొదటి సంవత్సరంలో సాధారణంగా రాజనీతి సిద్ధాంతం, ఆధునిక ప్రపంచ చరిత్ర, అర్థశాస్త్ర మూలసూత్రాలు ఉంటాయి. రెండవ సంవత్సరంలో అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు వస్తాయి. రాజ్యాలు బలాన్నే నమ్ముతాయనే వాస్తవికవాదం, వాణిజ్యమూ సంస్థలూ సహకారానికి దారితీస్తాయనే ఉదారవాదం, దేశాల ప్రవర్తనను వాటి భావాలూ గుర్తింపులూ మలుస్తాయనే నిర్మాణవాదం వాటిలో ముఖ్యమైనవి. అంతర్జాతీయ చట్టం, ఐక్యరాజ్యసమితి, ప్రపంచ వాణిజ్య సంస్థ పనితీరు, భారత విదేశాంగ విధానం, దక్షిణాసియా, చైనా, పశ్చిమాసియా వంటి ప్రాంతాల అధ్యయనం తరువాత వచ్చే అంశాలు. చివరి సంవత్సరంలో పరిశోధన పద్ధతులు, ఒక చిన్న పరిశోధన వ్యాసం ఉంటాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేళ్ళ ఆనర్సు చదివే వీలు కూడా అనేక విశ్వవిద్యాలయాలలో ఏర్పడింది.

చదవవలసిన పుటలు ఎక్కువ. వ్రాయవలసినవి అంతకంటే ఎక్కువ. పెద్ద పుస్తకం చూస్తే బెదిరిపోయే విద్యార్థికి ఇది తగదు. గణితం తప్పించుకోవచ్చునని ఇటు వచ్చేవారికి కూడా నిరాశే మిగులుతుంది. వాణిజ్యం, ఇంధనం, రక్షణవ్యయం వంటి అంశాలన్నిటికీ నేడు గణాంకశాస్త్రం కావాలి.

ఎక్కడ చదవవచ్చును?

ఈ పేరుతో ప్రత్యేక డిగ్రీ అందించే సంస్థలు మన దేశంలో తక్కువ. ప్రభుత్వ సంస్థలలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం పేరెన్నికగన్నది. అక్కడి రుసుము సామాన్య కుటుంబానికి సైతం అందుబాటులో ఉంటుంది. ప్రైవేటు రంగంలో సోనీపత్‌లోని జిందాల్ విశ్వవిద్యాలయం వంటివి ప్రత్యేక విభాగాలనే నడుపుతున్నాయి. అక్కడ వ్యయం సంవత్సరానికి లక్షలలో ఉంటుందని గమనించాలి.

ఇల్లు విడిచి పోలేనివారు చింతించనక్కరలేదు. సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయ పరిధిలోగాని, వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలోగాని రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర వంటి విషయాలలో బి.ఏ. చేసి, ఆపైన ఎం.ఏ.లో అంతర్జాతీయ సంబంధాలు చేపట్టవచ్చును. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, గాంధీనగర్ కేంద్రంగా 2009లో ఏర్పడిన గుజరాత్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ విషయంలో పై చదువులకు పేరుపొందినవి. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ ప్రవేశానికి సీయూఈటీ పరీక్ష వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలకు హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగులోనే బి.ఏ. చదివే అవకాశం కల్పిస్తున్నది. డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివి పీజీలో ఈ దారికి మళ్ళినవారు వెనుకబడిపోరని మా విశ్వాసం.

చదివిన తరువాత?

అందరి దృష్టీ మొదట విదేశాంగ సేవపైకి పోతుంది. సివిల్ సర్వీసుల పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. కనీస వయస్సు 21 సంవత్సరాలు. ప్రధాన పరీక్షలో రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు కలిపి ఒక ఐచ్ఛిక విషయంగా ఉన్నది. సామాన్య అధ్యయన పత్రాలలో కూడా ఈ అంశాలు వస్తాయి. కనుక ఈ చదువు తోడ్పడుతుంది, కాని హామీ ఇవ్వదు. పరీక్ష వ్రాసేవారు లక్షలలో ఉండగా, విదేశాంగ సేవకు ఏటా తీసుకొనేది కొన్ని పదుల మందినే. ఆ ఒక్క ఆశతో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ఈ లెక్కను ముందుగా చూసుకోవాలి.

తెలుగువారిలో ఈ రంగంలో రాణించినవారికి కొదువలేదు. తత్త్వశాస్త్ర ఆచార్యులైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1949 నుండి 1952 వరకు సోవియట్ యూనియన్‌లో మన రాయబారిగా పనిచేశారు. పి.వి. నరసింహారావుగారు రెండు పర్యాయాలు విదేశాంగమంత్రిగా, ఆ తరువాత ప్రధానమంత్రిగా తూర్పు ఆసియా దేశాలవైపు మన దృష్టిని మళ్ళించారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్‌గారు 2016 నుండి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. రాధాకృష్ణన్‌గారికి, నరసింహారావుగారికి ఈ పేరుగల పట్టా లేదు. వారికి ఉన్నవి విశేషమైన పఠనం, పరిపక్వమైన భాష, ఎదుటివాని మాట వినే ఓర్పు. ఈ చదువు ఇవ్వవలసినవీ అవే.

ప్రభుత్వ కొలువు కాక ఇతర మార్గాలూ ఉన్నాయి. ఎగుమతి సంస్థలు, వాణిజ్య మండళ్ళు, నౌకారవాణా, అంతర్జాతీయ సంస్థలు, పరిశోధన కేంద్రాలు, పత్రికారంగం, న్యాయవాద వృత్తి వాటిలో కొన్ని. కాని నిజం చెప్పవలసివస్తే, కేవలం బి.ఏ. పట్టాతో వీటిలో మంచి స్థానం లభించడం కష్టం. దానికి మరొకటి జతపడాలి. విదేశీ భాష కావచ్చు, న్యాయశాస్త్రం కావచ్చు, వాణిజ్య నిర్వహణ కావచ్చు, గణాంకాలపై పట్టు కావచ్చు. సూరత్ విద్యార్థి ఫ్రెంచి, అరబ్బీ, రష్యన్, చైనీస్ భాషలలో ఏ ఒక్కటి నేర్చినా, ఈ నగరపు వర్తకమే అతనిని వెదుక్కుంటూ వస్తుంది.

తల్లిదండ్రులకు మా మనవి

మొదటిది, అయిదారేళ్ళ వ్యయాన్ని కాగితంపై వ్రాసుకోండి. బి.ఏ. ఒక్కటే కాక ఎం.ఏ. ఖర్చు కూడా అందులో చేర్చండి. అప్పు చేసి ఖరీదైన సంస్థలో చేర్చడం కంటే, మంచి ప్రభుత్వ కళాశాలలో చదివించి మిగిలిన సొమ్మును భాషకూ, పై చదువుకూ ఉపయోగించడం వివేకం. రెండవది, పిల్లవాని ఆసక్తిని పరీక్షించండి. ఆరు నెలలపాటు రోజూ ఒక పత్రికలో విదేశీ వార్తలు చదివి, వారానికొక పుట వ్రాయమనండి. ఆరు నెలలు నిలిచిన ఆసక్తి ఆరేళ్ళు నిలుస్తుంది. ఆరు వారాలకే సడలినది మోజు మాత్రమే. మూడవది, ఆడపిల్లల విషయంలో దూరాన్ని అభ్యంతరంగా చూపకండి. ఇంజినీరింగుకు వేరే రాష్ట్రం పంపగలిగినవారు దీనికి కూడా పంపగలరు.

మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన బలం ఉన్నది. బదిలీల మూలంగా వారు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు నేర్చారు. ఒరియా, మరాఠీ, మలయాళీ ఇరుగుపొరుగులతో పండుగలు పంచుకొన్నారు. తన భాష కాని మనిషితో సర్దుకుపోవడం, అతని అభిమానాన్ని గాయపరచకుండా తన మాట నెగ్గించుకోవడం దౌత్యానికి మొదటి మెట్టు. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా పిల్లల చదువు చెడుతున్నదని బాధపడే మనం, ఆ బదిలీలే వారికి ఇచ్చిన ఈ సంపదను గుర్తించవలసియున్నది.

ఈ డిగ్రీ అందరికీ తగినదని మేము అనము. ఇది తొందరగా ఫలమిచ్చే పంట కాదు. కాని శ్రద్ధ, ఓర్పు, పఠనాసక్తి ఉన్న విద్యార్థి దీనిని కోరుకొన్నప్పుడు, "ఇది ఉద్యోగం రాని చదువు" అన్న ఒక్క మాటతో తలుపు మూసివేయడం న్యాయం కాదు. కూర్చోబెట్టి, లెక్కలు వేసి, అతని మాటా విని, ఆ పిమ్మట నిర్ణయించండి. రెండు పక్షాలూ విని సంధి కుదర్చడం ఎలాగో మన ఇళ్ళలోనే పిల్లలు మొదట నేర్చుకుంటారు.